ఇరవై ఒక్క రోజులు

మా కోడలిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మూడో రోజు. మధ్యాహ్నం పిల్లను పక్కలో వేసుకుని ఫోనులో ఏదో సీరియల్ చూస్తోంది. మాటలు హిందీలో ఉన్నాయి గాని మనుషులు మన వైపు వాళ్ళలా లేరు. బాలింత అంతసేపు ఫోను చూడకూడదు, కళ్ళు పాడవుతాయి అని చెబుదామని వెళ్ళి, ఆ మాట మరిచి నేనూ పక్కన కూర్చున్నాను. ఎందుకంటే ఆ సీరియల్‌లో కూడా ఒక బాలింత ఉంది. ముసలామె ఒకావిడ పొగలు కక్కే గిన్నె తెచ్చి ఆమె ముందు పెడుతోంది. గిన్నెలో ముదురు పచ్చగా ఏదో ఆకు తేలుతోంది.

"ఏందే అది, ఏం తాగిపిస్తున్నది?" అని అడిగాను.

"సముద్రంల నాచు అత్తమ్మా. దాంతోని చారు. కొరియా వాళ్ళ బాలెంత పత్యం అదేనట."

"నాచా! మన దగ్గర చెరువుల మెట్ల మీద పట్టేదా?"

"ఇది తినేది వేరే ఉంటది" అని నవ్వింది.

మా కోడలు షోలాపూరు పిల్ల. అక్కడి నేత కుటుంబమే. బి.కాం. చదివింది. ఏ సంగతి పట్టుకున్నా అంతు చూడందే వదలదు. ఆ తరువాత రోజూ మధ్యాహ్నం ఆ దేశపు ముచ్చట్లు ఒక్కొక్కటే నాకు చెబుతూ వచ్చింది. ఆ చారు పేరు మియోక్ గుక్ అట. కాన్పయిన దగ్గర నుంచి కొన్ని వారాలు పూటపూటా అదే. అంతటితో అయిపోలేదు. ఆ బిడ్డ పెరిగి పెద్దయ్యాక ప్రతి పుట్టినరోజుకూ పొద్దున్నే అదే చారు తాగుతారట, ఆ రోజు తల్లి నొప్పులు పడిన రోజు గనక. అదే చారును పరీక్ష రోజు మాత్రం ముట్టరు. నాచు జారుడుగా ఉంటుంది, చదివింది జారిపోతుందని భయం! మన వాళ్ళకు పిల్లి ఎదురైతే ఎంతో, వాళ్ళకు అది అంత.

బిడ్డ పుట్టగానే గుమ్మానికి అడ్డంగా వరిగడ్డి తాడు కట్టడం వాళ్ళ పాత ఆచారం. మామూలు తాడులా కాకుండా ఎడమ చేతివాటంగా పేనాలి. మగపిల్లవాడైతే అందులో ఎండు మిరపకాయలు, బొగ్గు ముక్కలు గుచ్చుతారు. ఆడపిల్లయితే బొగ్గు, పైన్ చెట్టు రెమ్మలు. తాడు ఉన్నన్నాళ్ళు బయటివాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు. మూడు ఏడుల లెక్క.

"మూడు ఏడులంటే ఇరవై ఒక్కటి గద" అన్నాను.

"అవును అత్తమ్మా, అచ్చం మన లెక్కే."

మా సిరిసిల్లలో పురిటి గుమ్మానికి వేపమండలు గుచ్చేవారు. గడప పక్కన పాత చెప్పు, బాలింత తలాపున ఏదో ఒక ఇనుప ముక్క. ఇరవై ఒకటో రోజున తలస్నానం, బావి పూజ, బిడ్డను తొట్టెలలో వేయడం. ఎక్కడి కొరియా, ఎక్కడి సిరిసిల్ల! ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇరవై ఒక్క రోజులు అన్న మాట వింటే నాకు రెండు పురుళ్ళు గుర్తొస్తాయి. వాటి గురించే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను 1986లో పెళ్ళయి నార్పోలికి వచ్చాను. థానే జిల్లా భివండీలో నార్పోలి ఎలాంటి చోటో మన సంఘం వాళ్ళలో చాలామందికి చెప్పనక్కర లేదు. పగలూ రాత్రీ సాంచాల చప్పుడు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపుల నుంచి మగ్గం వదిలి వచ్చిన మనవాళ్ళు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీలు, కొంకణం నుంచి వచ్చిన మరాఠీలు, అందరూ ఒకే రకం పదడుగుల గదుల్లో. మా ఆయన సాంచాల మీద పని. నేను పుట్టింట్లో నేర్చిన బీడీల పని ఇక్కడా వదల్లేదు.

మొదటి కాన్పు 1988లో, ఎండాకాలం, తల్లిగారింట్లో. కల్యాణ్‌లో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, బస్సులో సిరిసిల్ల చేరేసరికి కాళ్ళు రెండూ వాచిపోయాయి. ఆడపిల్ల పుట్టింది. ముర్రుపాలు బిడ్డకు అరగవని పిండి పారబోయించారు. మూడు రోజులు పిల్లకు చక్కెర నీళ్ళు, ఆముదం చుక్కలు, వస కొమ్ము అరగదీసి ఉగ్గుగిన్నెతో పోయడం. నాకు తలకు గుడ్డ, చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. పాత బియ్యపు అన్నం, వెల్లిపాయ కారం, నెయ్యి. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి బెల్లంతో చేసిన కాయం ముద్ద పొద్దునా సాయంత్రం. అది ఇప్పటికీ నాకు ఇష్టమే. నీళ్ళు మాత్రం రోజుకు రెండు చిన్న గ్లాసులు, అవీ కాచి చల్లార్చినవి. ఎక్కువ తాగితే పొట్ట దిగదు, బిడ్డకు జలుబు చేస్తుంది అన్నారు. బయట మే నెల ఎండ, లోపల కుంపటి. నాలుక పిడచ కట్టుకుపోయేది. ఒక రాత్రి అందరూ పడుకున్నాక చేతులు కడుక్కునే చెంబు ఎత్తి గటగటా తాగేశాను. దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకుంది.

తొమ్మిదో రోజున పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. పదకొండో రోజున పోయింది.

నీళ్ళ వల్లనా, ఉగ్గు వల్లనా, ఉగ్గుగిన్నె కడిగిన తీరు వల్లనా అని నేను చాలా ఏళ్ళు నాలో నేనే విచారణ చేశాను. అది తేలేది కాదు. పుట్టిన గంటలోపే పాలు పట్టాలని, ఆ ముర్రుపాలే బిడ్డకు మొదటి రక్ష అని, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీటి చుక్క కూడా అక్కరలేదని, తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదని ఇప్పుడు ప్రతి ఆసుపత్రిలో నర్సమ్మలు చెబుతున్నారు. అప్పుడు మా వాడలో ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. మా అమ్మ తనకు తన తల్లి చేసిందే నాకు చేసింది.

పదమూడో రోజు పొద్దున నేను తలకట్టు విప్పేసి, తునికాకుల చాట ముందు పెట్టుకుని కూర్చున్నాను. బిడ్డే లేనప్పుడు బాలింత ఏమిటి, మంచం ఏమిటి అనిపించింది. పైగా ఇంట్లో రోజుకు వెయ్యి బీడీల లెక్క తగ్గితే కార్ఖానా వాడు ఊరుకోడు. అమ్మ చూసి ఒక్క ఊపున చాట లాగేసింది.

"పిల్ల పోతేంది? కన్నది నువ్వే గద బిడ్డా! ఇరవై ఒక్కటి అయ్యేదాక లెవ్వకు" అంది.

ఆ మిగిలిన రోజులన్నీ వేణ్ణీళ్ళు కాచి పోసింది, నడికట్టు కట్టింది, నెయ్యి వేసి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. రాత్రి దీపం దగ్గర కూర్చుని తన బీడీలూ నా బీడీలూ తనే చుట్టింది. ఏడుస్తూ చుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెల కట్టలేదు గాని నాకు తల అంటి నీళ్ళు పోసింది. నీళ్ళు తాగనివ్వలేదన్న కోపం నాకు అమ్మ మీద పూర్తిగా ఎప్పుడూ పోలేదు. ఆ చాట లాక్కున్న చెయ్యి మాత్రం మరుపు రాదు.

రెండో కాన్పు 1992లో. రెండోది అత్తగారింట్లోనే అంటారు గాని నాకు అత్తగారు లేరు. అందుకని అమ్మ దగ్గరికే వెళ్ళడానికి డిసెంబరు 8కి ప్రయాణం పెట్టుకున్నాం. డిసెంబరు 6న అయోధ్యలో మసీదు కూల్చారు. ముంబయి మండిపోతోందని రేడియోలో చెబుతున్నారు. భివండీ అంటే 1984 మే నెల అల్లర్లు చూసిన ఊరు. ఆ మంటలు నేను రాకముందువే అయినా వాటి కథలు వినని రోజు లేదు. అయితే ఆ తరువాత ఇక్కడికి పోలీసు డి.సి.పి.గా వచ్చిన సురేశ్ ఖోపడే గారు రెండు మతాల వాళ్ళనూ కూర్చోబెట్టి మొహల్లా కమిటీలు పెట్టించి ఉన్నారు. ముంబయి అంత తగలబడినా ఆ ఏడాది భివండీ నిలబడింది. నిలబడుతుందని మాకు ముందే ఎలా తెలుస్తుంది? ప్రయాణం మానుకున్నాం. సేఠ్ కార్ఖానా మూసేశాడు. మా ఆయనకు కూలి లేదు. ఊరంతా ఎన్నడూ వినని నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో రెండో వారంలో ఇక్కడి ప్రసూతి ఆసుపత్రిలో మగపిల్లవాడు పుట్టాడు.

గదికి వచ్చేసరికి మేం ముగ్గురమే. పొయ్యి అంటించేవాళ్ళు లేరు. మా ఆయనకు గంజి వార్చడం కూడా సరిగా రాదు. ఎడమ గది ఆజంగఢ్ వైపు నుంచి వచ్చిన అన్సారీలది. పెద్దామెను అందరం ఖాలా అనేవాళ్ళం. ఆ రోజుల్లో వాళ్ళ భయం వాళ్ళకుంది, మా భయం మాకుంది. మామూలుగా తీసి ఉండే తలుపులు వేసి ఉంటున్నాయి. మొదటి రోజు సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైతే మా ఆయన తీయడానికి ఒక నిమిషం తటపటాయించాడు. ఖాలా. చేతిలో మూత పెట్టిన డబ్బా.

"అఛ్‌వానీ హై, గరమ్ గరమ్ పీ లే దుల్హన్" అంది.

శొంఠి, వాము, బెల్లం, నెయ్యి. మా అమ్మ కాయాన్ని నీళ్ళలో కరిగిస్తే ఏ రుచి వస్తుందో అదే రుచి. నాకు ఏడుపు ఆగలేదు. గ్లాసు నిండా తాగాక మొహమాటంగా నీళ్ళు అడిగాను. ఆమె చెంబు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. వాళ్ళలో బాలింతకు నలభై రోజుల ఛిల్లా. "మీకు ఇరవై ఒక్కటేనా? మీ వాళ్ళు పిసినారులు" అని నవ్వేది.

కుడి గది రత్నగిరి మావశీది. ఆమె అళీవ్ గింజలు కొబ్బరినీళ్ళలో నానబెట్టి, కొబ్బరి, బెల్లం వేసి లడ్డూలు చేసి తెచ్చింది. పాలు బాగా పడతాయట. పొద్దున్నే వచ్చి, పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లవాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోసేది. ఆరో రోజు రాత్రి బిడ్డ తలాపున తెల్లకాగితం, పెన్సిలు పెట్టింది. సటవాయి వచ్చి నుదుటి రాత రాస్తుందట. మన దగ్గర ఆ పని బ్రహ్మది. అదే రోజు ఖాలా, మాకూ ఛఠీ ఉంది అంటూ మిఠాయి తెచ్చింది. మా వాడి రాత ఎవరు రాశారో గాని ముగ్గురి అజమాయిషీలో రాయాల్సి వచ్చింది.

ఇంకో విచిత్రం. వాడు మొదటి వారమంతా రాత్రిళ్ళు గుక్కపట్టి ఏడ్చాడు. మళ్ళీ సాంచాలు మొదలైన రాత్రి గోడలు అదరడం మొదలుపెట్టగానే హాయిగా నిద్రపోయాడు! తొమ్మిది నెలలు కడుపులో విన్న చప్పుడు మరి.

ఇరవయ్యో రోజు సాయంత్రానికి అమ్మ సిరిసిల్ల నుంచి వచ్చింది. సంచిలో కాయం, వెల్లిపాయలు, పాత చీరలు చింపిన పొత్తిగుడ్డలు. అడుగున వెండి ఉగ్గుగిన్నె. దాన్ని బయటికి తీసి, నా మొహం చూసి, మాట్లాడకుండా మళ్ళీ మూటలోనే పెట్టేసింది. తెల్లవారి ఇరవై ఒక్కటి. బావి పూజకు బావి ఎక్కడ? పది గదులకు కలిపి ఒక్క నల్లా. అమ్మ ఆ నల్లాకే పసుపు రాసి బొట్టు పెట్టి, నా చేత బిందె నింపించింది. నీళ్ళు వచ్చేదే గంటసేపు. వెనక బిందెలతో వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్క మాట అనకుండా పూజ అయ్యేదాకా ఆగారు. నార్పోలిలో నల్లా దగ్గర అలాంటి మర్యాద నేను అంతకుముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

ఇక ఇప్పటి మాట. సాంచాలు చాలా వరకు మూతబడ్డాయి. ఊరి చుట్టూ పెద్ద పెద్ద గోదాములు వచ్చాయి. మా అబ్బాయి ఒక గోదాములో రాత్రి డ్యూటీ. కోడలు ఒక ఆఫీసులో లెక్కలు రాస్తుంది. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు జీతంతో 26 వారాలు చేశారు గనక ఆమెకు సెలవు దొరికింది. వెనక గల్లీలో కండెలు చుట్టే పిల్లకు అలాంటిదేమీ లేదు. పదిహేనో రోజున పిల్లను ఒళ్ళో పెట్టుకుని పనిలో కూర్చుంది. ఆ పిల్లకు అత్తా అమ్మా ఇద్దరూ ఊళ్ళోనే ఉన్నారు.

కొరియాలో ఈ మధ్య బాలింతల కోసమే వేరే గృహాలున్నాయట. 1990ల నుంచి మొదలై ఇప్పుడు ఎక్కువమంది ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి రెండు వారాలు ఉంటారట. వేళకు చారు, బిడ్డను చూడడానికి నర్సులు. ఖర్చు మాత్రం బాగానే అవుతుందట. వినగానే "డబ్బులిచ్చి అమ్మను తెచ్చుకుంటరా!" అని వెక్కిరించాను. తరువాత ఆలోచిస్తే వెక్కిరించాల్సింది కనపడలేదు. అమ్మ దూరాన ఉంటే, గడప పక్కన ఖాలా లేకపోతే ఎవరో ఒకరి చెయ్యి కావాలి గదా. నా దగ్గర అప్పుడు డబ్బు లేదు, చేతులు దొరికాయి.

మా వియ్యపురాలు షోలాపూరు నుంచి వచ్చి పది రోజులుంది. ఆమెదీ బీడీల పనే, అంతకన్నా ఉండలేదు. ఆమె ఉండగానే ఒకరోజు కోడలు నన్ను పిలిచి మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, బాగా దాహమైతున్నది. నీళ్ళు తాగొచ్చా?"

నేను పెద్ద సీసా నింపి మంచం పక్కన పెట్టాను. వియ్యపురాలు కంగారుపడింది. "అయ్యో వదినె, పచ్చి బాలెంతకు అన్ని నీళ్ళా! చలువ చెయ్యదా?"

మంచిదే, ఆమె కూతురి మీద ప్రేమతోనే అంది. నేను సమాధానం చెప్పబోయి, చెప్పడానికి ఒక కారణం వెతికి, చివరికి ఉన్నదే చెప్పాను. 1988 ఎండాకాలం, చేతులు కడుక్కునే చెంబు, పదకొండో రోజు. ఇన్నేళ్ళలో నోరు విప్పింది అదే మొదటిసారి. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మా అబ్బాయి అలాగే నిలబడిపోయాడు. తనకు ఒక అక్క ఉండేదని వాడికి ఆ రోజే తెలిసింది. మా వియ్యపురాలు లేచి, ఆ సీసా మూత తనే తీసి కూతురికి ఇచ్చింది.

ఆ తరువాత మా ఇంట్లో పత్యం గురించి గొడవ లేదు. వెల్లిపాయ కారం, నెయ్యి, కాయం ఉన్నాయి. పప్పులూ కూరలూ ఉన్నాయి. నూనె రాసి నీళ్ళు పోయడం నా వంతు. నా కాళ్ళ మీద పిల్ల వెచ్చగా, జారిపోయేటట్టు ఉంటే అరవై దాటిన మోకాళ్ళ నొప్పి తెలియలేదు. సాంబ్రాణి పొగ డాక్టరమ్మ వద్దంది, మానేశాం. చెవుల్లో దూది కోడలు పెట్టుకోనంది, నేనూ పట్టు పట్టలేదు. వంటింట్లోకి మాత్రం అడుగు పెట్టనివ్వలేదు. ఒకసారి టీ పెట్టుకోవడానికి లేస్తే నా నోట మా అమ్మ మాటే, మా అమ్మ గొంతుతోనే వచ్చింది: "ఇరవై ఒక్కటి అయ్యేదాక లెవ్వకు!" ఉగ్గుగిన్నె బీరువాలో ఉంది. ఆరు నెలలు నిండాక అన్నప్రాసన నాడు తీద్దాం అన్నాను.

ఇరవై ఒకటో రోజు వంటింటి నల్లాకే పసుపు కుంకుమ పెట్టాం. ఖాలా పోయి ఆరేళ్ళయింది. వాళ్ళు ఇప్పుడు శాంతినగర్‌లో ఉంటారు. అయినా ఆమె కోడలు కబురు తెలుసుకుని మనవడి చేత స్టీలు డబ్బాలో అఛ్‌వానీ పంపింది. డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదు గదా, బెల్లం బూరెలు సర్దుతున్నాను. మా కోడలు ఫోను పట్టుకుని వచ్చింది.

"అత్తమ్మా, కొరియాల బిడ్డకు వంద రోజులైనంక నూరిండ్లకు బియ్యపు పిండి రొట్టెలు పంచుతరట. తీసుకున్నోళ్ళు ఆ గిన్నెల దారపు చిట్టం గాని బియ్యం గాని పెట్టి తిరిగి పంపుతరట. దారమంటే ఆయుష్షట."

"దారానికి నార్పోలిల కరువా" అన్నాను.

అటక మీద మా ఆయన పాత సంచిలో ఇంకా నాలుగు కండెలున్నాయి. ఒక దానికి దుమ్ము దులిపి బూరెల పక్కన పెట్టింది. సాయంత్రం శాంతినగర్ నుంచి ఫోను వచ్చింది.

"భాభీ, డబ్బాలో దారం కండె ఒకటి పడి వచ్చింది. పిల్లలు పొరపాటున వేశారేమో, తిరిగి పంపమంటారా?"

కోడలు నా చేతిలోంచి ఫోను లాక్కుని, "పొరపాటు కాదు ఆంటీ, మీరే ఉంచుకోండి" అని, కొరియా సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.